ముప్పై ఒకటో పస్తు

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు డిటెక్టివ్ ఆ ప్రయోగశాల మెట్లెక్కేసరికి, సీళ్ల సారు అప్పటికే ఏడు తలుపులకు లక్క పూసి, ఎనిమిదో తలుపు ముందు నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

సీళ్ల సారంటే ఆరోగ్యశాఖ తనిఖీ అధికారి. ఇంట్లో చక్కెర డబ్బాకు కూడా సీలు వేస్తాడని, చీమలు అర్జీ పెట్టుకుంటే గానీ మూత తీయడని ఆయన గురించి చెప్పుకుంటారు. మన డిటెక్టివ్ గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటారా? ఒక్కో మెట్టునూ క్షేమసమాచారం అడిగాక గానీ పైమెట్టు మీద కాలు పెట్టడట. ఒకసారి దొంగను వెంటాడుతుంటే, ఎంతకీ పట్టుకోడేమిటని ఆ దొంగే విసుగెత్తి వెనక్కొచ్చి లొంగిపోయాడట. అందుకే అతనికి ‘నిదానం’ అని పేరు పడింది. అసలు పేరు పిలిస్తే ఇప్పుడు అతనే వెనక్కి తిరిగి చూడడు.

ఆ శనివారం మాత్రం నిదానం మెట్లను పలకరించలేదు. రెండేసి చొప్పున ఎక్కాడు. దానికి కారణం అతని చెల్లెలు.

ఆమె జ్వరాల ఆసుపత్రిలో నర్సు. పొద్దున బయల్దేరేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, “ఇవాళ్టి నుంచి మాకూ బుడగల మందు కొడుతున్నారు అన్నయ్యా. రెండింటికి డ్యూటీ. ఇంక నువ్వు గుమ్మంలో నిలబడి నాకు జలుబు చేసిందా లేదా అని చూడక్కర్లేదు” అని నవ్వింది. ఆ మందు కనిపెట్టిన పెద్ద డాక్టరమ్మ అదే మందు ముక్కులో కొట్టుకుని, అదే జ్వరం తగిలి మంగళవారం పోయింది. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. నిదానానికి మాత్రం తెలుసు. డాక్టరమ్మ భర్తే అతన్ని ఈ పనికి పెట్టుకున్నాడు. కళ్లజోళ్లు చేసే మనిషి. నిన్న వచ్చి కూర్చుని, తన జోడు తీసి, తుడిచిందే తుడుస్తూ, “మా ఆవిడ మందు అబద్ధం కాదని తేలితే చెప్పండి. అబద్ధమే అయితే, అది కూడా ముందు నాకే చెప్పండి” అని వెళ్లిపోయాడు. ఆ మాటకు సరేనన్నాడు గనకే పొద్దున చెల్లెలికి కూడా చెప్పలేదు; రెండింటి లోపల తేల్చాలి.

“ఏమండీ నిదానంగారూ, కాస్త ఆలస్యమైందే. దారిలో స్తంభాలతో కూడా మాట్లాడి వస్తున్నారా?” అన్నాడు సీళ్ల సారు.

నిదానం నవ్వలేదు. మిగిలిన తలుపు దేనిదని అడిగాడు. కణాల గదిదట. పన్నెండున్నరకు వెనక పెరట్లో కొలిమి వెలిగిస్తారు. మందు సీసాలు, కణాలు, పుస్తకాలు మొత్తం అందులోకే. ఆసుపత్రికి అప్పటికే వెళ్లిన పెట్టెల ఊసు లేని ఉత్తర్వు మడత పెట్టి ఆయన జేబులో ఉంది. దాని పక్కనే ఇత్తడి ముద్ర ఉంది. రెంటినీ ఒకసారి తడిమి చూసుకున్నాడు.

కేసులో తేల్చడానికేమీ లేదన్నది ఆయన వాదన. వైరస్ గదిలో కెమెరా ఉంది. పన్నెండు రోజుల కిందటి సోమవారం, తొమ్మిదీ పదికి డాక్టరమ్మ మూడుసార్లు మందు ముక్కులో కొట్టుకుంది. తొమ్మిదీ నలభైకి లోపలికి వెళ్లింది. పదీ పన్నెండుకు తలతొడుగు పట్టీ తెగింది. తెగిన క్షణాన బయటికి పరుగెత్తవలసిన మనిషి, పట్టీ ముడివేసుకుంటూ, ఆ ముడి జారుతూ ఉంటే పట్టుకుంటూ, పదీ ముప్పై రెండు దాకా అక్కడే పని చేసింది. శుక్రవారానికి జ్వరం, మంగళవారానికి చావు. “ఇరవై నిమిషాలు. దీన్ని మా శాఖలో నిర్లక్ష్యం అంటారు. నిర్లక్ష్యం కాకపోతే మందు బూటకం. రెంట్లో ఏదైనా కొలిమికే” అన్నాడు.

“ముప్పై ఏళ్లు ఆ గదిలో పనిచేసి ఒక్క తుమ్ము కూడా తెచ్చుకోని మనిషి సారూ. తెగిన తొడుగుతో ఇరవై నిమిషాలు ఉందంటే అది నిర్లక్ష్యం కాదు, నమ్మకం. దేన్ని అంతగా నమ్మిందో చూడనివ్వండి.”

సీళ్ల సారు వాచీ చూసుకుని, కొలిమి వాళ్లు వచ్చేదాకా చూసుకోమన్నాడు. అది మంచితనం అనుకోకండి. ఇద్దరికీ పదేళ్లుగా పడదు; నిదానం మళ్లీ ఓడిపోతుంటే దగ్గరుండి చూడాలని ఆయన సరదా.

ముందు నిదానం పట్టుకున్నది లెక్కలమ్మాయిని. డాక్టరమ్మ దగ్గర నాలుగేళ్లుగా పనిచేస్తున్న పిల్ల, బుడగలు లెక్కించే యంత్రం ఆమె చేతిలోది. డాక్టరమ్మ చనిపోవడానికి పది రోజుల ముందు ఇద్దరికీ గొడవైందని వాచ్‌మన్ చెప్పి ఉన్నాడు. ఆమె కళ్లు చూస్తే నాలుగు రోజులుగా నిద్ర లేదని తెలుస్తోంది. నిదానం ఆ గొడవ ఊసెత్తకుండా, అసలు ఈ బుడగలేమిటో నాలాంటి మొద్దుకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా అన్నాడు.

ఆమె చెప్పింది. ఒంట్లో ప్రతి కణమూ తన పైపొర నుంచే చిన్నచిన్న బుడగలు ఊదుతూ ఉంటుంది. కంటికి ఆనవు, మామూలు మైక్రోస్కోపుకూ ఆనవు. వైరస్ మనిషి కణంలోకి దూరాలంటే కణం మీద ఉండే ఒక గడియను పట్టుకోవాలి. అదే గడియ ఈ బుడగల మీద కూడా ఉంటుంది. ఇక్కడ పెంచే కణాలకు ఆ గడియలు మరీ గుత్తులు గుత్తులుగా మొలిచేట్టు డాక్టరమ్మ చేసింది. బుడగలను ముక్కులో చల్లితే, వచ్చిన వైరస్ గడియ దొరికింది కదా అని బుడగను పట్టుకుంటుంది. పట్టుకున్నాక అక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అట్లాగే అంటుకుని చీమిడిలో కొట్టుకుపోతుంది.

“దొంగకు ఉత్త తలుపులు పెట్టి వదిలారన్నమాట. బాగుంది. మరి ఆవిడ విషయంలో దొంగ ఇంట్లోకెలా వచ్చాడు?”

ఆ ప్రశ్నకే ఆమె నాలుగు రోజులుగా జవాబు వెతుకుతోంది. డాక్టరమ్మ వాడింది ముప్పై ఒకటో కోత మందు. కణాల మీద ఉండే నీళ్లను తీయడాన్ని వాళ్లు కోత అంటారు. ఆ కోతలో బుడగల లెక్క ఎప్పటికన్నా ఎక్కువ వచ్చింది, దాదాపు తొమ్మిదింతలు. గొడవ కూడా అక్కడే. లెక్కతో పాటు, ఎన్ని బుడగల మీద గడియ ఉందో చూసే పరీక్ష ఇంకొకటుంది. దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. చేద్దామని లెక్కలమ్మాయి పట్టుబట్టింది. ఆసుపత్రి తొందరపెడుతోంది, ముప్పై కోతలు చూశాం, ఇంకా ఎందుకంది డాక్టరమ్మ.

“ఇంకేమన్నారు? అదొక్కటేనా?”

“‘బుజ్జి మీద అనుమానమా నీకు?’ అన్నారు సార్. ఆ మాట అన్నాక నేనింకేం మాట్లాడను?”

బుజ్జి ఎవరని నిదానం అడగలేదు. కళ్లజోళ్లాయన చెప్పాడు. బుజ్జి వాళ్ల కూతురు. పదకొండేళ్ల కిందట, ఆరేళ్ల వయసులో, ఈ జ్వరంతోనే పోయింది. పుట్టినప్పుడు దాచిన బొడ్డుతాడు ముక్క మిగిలింది. అందులోంచి తీసిన కణాలే ఎనిమిదో గదిలో పెరుగుతున్నాయి. ప్రయోగశాల మొత్తం వాటిని బుజ్జి అనే పిలుస్తుంది. బుజ్జికి తిండి పెట్టారా, బుజ్జి ఎట్లా ఉంది, బుజ్జికి ఇల్లు ఇరుకైంది మార్చండి అని పొద్దస్తమానం అదే మాట. కొత్తగా వచ్చినవాళ్లు వారం రోజులు వింతగా చూసి, ఆ తర్వాత తామూ అదే అంటారు.

పన్నెండుకు పది నిమిషాలుంది. కణాల గది తలుపు తీశారు.

చిన్న గది. ఒక పక్క వెచ్చటి పెట్టె, దాని అద్దం వెనక అరల నిండా బల్లపరుపుగా పడుకోబెట్టిన సీసాలు, అవే బుజ్జి ‘ఇళ్లు’, ఒక్కో దాంట్లో పలచటి ఎర్రనీళ్లు. ఇంకో పక్క చల్లటి పెట్టె. గోడకు పలక. దాని పక్కన స్టూలు మీద ఆయమ్మ.

ఆయమ్మది అరవైకి రెండు తక్కువ. నిజం బుజ్జిని పెంచిన మనిషి. పాప పోయాక ఎక్కడికీ పోలేక డాక్టరమ్మ వెంట ఇక్కడికొచ్చి గాజుసామాను కడగడం మొదలుపెట్టింది. తర్వాత కణాలకు తిండి మార్చడం నేర్చుకుంది. పెద్ద చదువులవాళ్ల చేతుల్లో చచ్చే కణాలు ఆమె చేతిలో బతుకుతాయని, ఆమె ఊరికే చెయ్యి ఊపినా సీసాలో బూజు భయపడి పారిపోతుందని వాళ్లే చెబుతారు. నిదానాన్ని చూసి లేచి నిలబడింది. “కాలుస్తారటగా బాబూ” అంది. ఏడవలేదు.

పలక మీద తేదీలు వరసగా ఉన్నాయి. ప్రతి కోతకూ ముందు సోమవారం పది నుంచి బుధవారం పది వరకు గీత గీసి, ‘పస్తు’ అని రాసి ఉంది. పస్తంటే ఏమిటని నిదానం అడిగితే లెక్కలమ్మాయి చల్లటి పెట్టె తెరిచి చూపించింది. రెండు రకాల సీసాలు. లోపల నీళ్లు రెండింట్లోనూ ఒకే ఎరుపు. ఎర్రమూత సీసాలో దూడ రక్తపు తేట కలిసి ఉంటుంది, అది తిండి. తెల్లమూత సీసాలో అది ఉండదు, అది పస్తు నీళ్లు. కోతకు ముందు నలభై ఎనిమిది గంటలు బుజ్జి తెల్లమూత మీదే ఉండాలి.

నిదానం పలక వంకా సీసాల వంకా చాలాసేపు చూశాడు. వెనక సీళ్ల సారు, కొలిమి వాళ్లు వచ్చేశారని గుర్తుచేశాడు.

“పస్తున్న గేదె తొమ్మిదింతలు పాలిచ్చిందంటే మీరు నమ్ముతారా సారూ?”

“నేను గేదెల శాఖ కాదండీ.”

“నేనూ కాదు. అందుకే అడుగుతున్నా.”

ప్రతి కోతలోనూ ఒక గొట్టం నీళ్లు, శుద్ధి చేయకముందువి, విడిగా దాస్తారని తేలింది. ముప్పై, ముప్పై ఒకటి తెప్పించాడు. ముప్పైలో మందంతా అయిపోయి, మిగిలింది ఆ గొట్టం ఒక్కటేనట. రెండూ చెరో చేత్తో పట్టుకుని, గిలక్కాయ ఆడించినట్టు పదిసార్లు ఆడించి, బల్ల మీద నిలబెట్టాడు. ముప్పైలో నురగ లేచి, చూస్తుండగానే అణిగిపోయింది. ముప్పై ఒకటిలో నురగ మూత దాకా లేచి, అట్లాగే నిలిచింది.

లెక్కలమ్మాయి ముఖం తెల్లబోయింది. తేట కలిసిన నీళ్లే అట్లా నురగ కడతాయని ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. గోడకు ఆనుకుని, మెల్లగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. దూడ కూడా ప్రాణే. దాని రక్తంలో దాని బుడగలుంటాయి, కోట్లలో. యంత్రం బుడగలను లెక్కపెడుతుంది గానీ ఎవరి బుడగలో అడగదు. పస్తు పెట్టేదే అందుకు. లెక్క తొమ్మిదింతలు వచ్చిందని మురిసిపోయి, మామూలు మోతాదుకు తేవడానికి తొమ్మిదింతలు నీళ్లు కలిపింది ఆమే. సీసాలో తొమ్మిదింట ఎనిమిది దూడ బుడగలు. వాటి మీద గడియ లేదు. “మేడమ్ ముక్కులో ఏమీ లేదు సార్” అంది. “ఉత్త నీళ్లు కొట్టుకుని వెళ్లారు.”

వెచ్చటి పెట్టె గుర్రుమంటోంది.

నిదానం స్టూలు దగ్గరికి వెళ్లి, ఆయమ్మ ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. విచారణలో నిలబడి అడగడమే అతనికి అలవాటు. ముప్పై ఒకటో పస్తు, నడిమి రోజు మంగళవారం. ఆ మంగళవారం ఎప్పుడొచ్చిందో అతను పలక మీద చూశాడు. పాప పోయిన తేదీ కళ్లజోళ్లాయన నిన్న చెప్పాడు. రెండూ ఒకటే.

“ఆ రోజు సాయంత్రం ఏం జరిగింది ఆయమ్మా?”

ఆమె దాచాలని చూడలేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే. ఆ సాయంత్రం ఐదింటికి మైక్రోస్కోపులో చూస్తే బుజ్జి బాగా చిక్కిపోయి కనిపించిందట. ఈ మధ్య పస్తులు తట్టుకోవడం లేదట. సీసా అడుగుకు అతుక్కుని ఉండవలసిన కణాలు ఊడి పైకి తేలుతున్నాయి. అది చూస్తుంటే ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. అప్పుడు కూడా రెండు రోజులు పాపకు నోటి ద్వారా ఏమీ పెట్టొద్దన్నారు. పాప అడుగుతూనే ఉంది. డాక్టర్లు చెప్పారు కదమ్మా, రేపు పెడతానే అని ఆయమ్మ బుజ్జగిస్తూనే ఉంది.

“రేపు రాలేదు బాబూ” అంది. “పాప ఆకలితో పోయింది, నా ఒళ్లో. పదకొండేళ్ల తర్వాత అదే రోజున, మళ్లీ నన్నే పస్తు పెట్టమంటే... ఎర్రమూత సీసా తీసి, ఒక్కో ఇంట్లో కాస్త కాస్త పోశాను. తెల్లారి చూస్తే ఎంత నిండుగా ఉందో. ఎవరికి చెడుపు చేశాను? తిండే కదా పెట్టాను?”

పస్తు ఎందుకో నీకెవరూ చెప్పలేదా అన్నాడు నిదానం.

“పస్తంటే పస్తు అన్నారు. ఎందుకని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు.”

లెక్కలమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాలుగేళ్లుగా పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. ఆ ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు.

నిదానం ఇంకో ప్రశ్న అడగాలి. అడగడానికి భయమేసింది. “ఆ ఒక్కసారేనా?”

“ఆ తర్వాత బుజ్జి పస్తు ఉన్నదే లేదు బాబూ. ముప్పై రెండు, ముప్పై మూడు... మొన్నటి దాకా పెడుతూనే ఉన్నా.”

ఆసుపత్రికి వెళ్లిన పెట్టెల్లో ఉన్నవి ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు. నిదానం అప్పటికే ఫోన్ తీశాడు. పన్నెండూ పన్నెండు. రెండింటి డ్యూటీకి ఇంకా టైముందని మనసుకు చెప్పుకుంటూ ఆసుపత్రి నంబరు మోగనిచ్చాడు. అవతల ఎవరో ఎత్తి, ఒక్క పెట్టె కూడా తెరవొద్దని అతను చెప్పేదంతా విని, వార్డులో మంచాలు నిండిపోయాయని, డ్యూటీ ముందుకు జరిపారని చెప్పారు. ఆరుగురు నర్సులు మందు కొట్టుకుని పదకొండున్నరకే లోపలికి వెళ్లారు. తలతొడుగులు సరిపడా లేవు, మందు ఉంది కదా అని మామూలు మాస్కులతో వెళ్లారు. ముందు ఎవరు వెళ్లారని అడగనక్కర్లేదు. తెలియని గుమ్మంలో చిన్నప్పటి నుంచీ ముందు కాలు పెట్టేది తన చెల్లెలే. అయినా అడిగాడు. అవతలివాళ్లు చెప్పారు. వెంటనే బయటికి పిలవమన్నాడు. పిలుస్తాం గానీ నలభై నిమిషాలైంది కదండీ అన్నారు.

అతను ఫోన్ పెట్టేశాక సీళ్ల సారు, మామూలు గొంతుతో, చెల్లెలా అని అడిగాడు. నిదానం తలాడించాడు.

దారి ఏదైనా ఉందా అంటే ఒక్కటుందంది లెక్కలమ్మాయి. వైరస్ ముక్కులో మూడు నాలుగు రోజులుండి గానీ కిందికి దిగదు. మూడో రోజు లోపల అసలైన బుడగలు కొడితే బతికాయని డాక్టరమ్మ రాసుకుంది. ఎలుకల్లో. మనుషుల్లో ఎవరూ చూడలేదు. ఇప్పుడు పస్తు మొదలుపెడితే సోమవారం మధ్యాహ్నం కోత, రాత్రంతా కూర్చుని గడియల పరీక్ష కూడా చేసి, మంగళవారం పొద్దుటికి మందు. ఆ ఆరుగురికీ సరిగ్గా మూడో రోజు ముగుస్తుంది.

“అంటే ఈ కణాలు కాలకూడదు” అన్నాడు నిదానం, సీళ్ల సారు వంక చూడకుండా.

పన్నెండూ ఇరవై ఎనిమిది. సీళ్ల సారు జేబులోంచి ఉత్తర్వు తీసి చదివి మడిచాడు, మళ్లీ చదివాడు. తర్వాత లక్క వెలిగించి, చల్లటి పెట్టెలో ఎర్రమూత సీసాల అరకు తలుపేసి, దాని మీద ముద్ర కొట్టాడు. కిటికీలోంచి కొలిమి వాళ్లను పొమ్మని చెయ్యి ఊపాడు. “మంగళవారం వస్తా. అప్పటికి మీ లెక్క తప్పైతే తర్వాతి సీలు మీ నోటికే” అన్నాడు. కానీ ఆ మాటలో పదేళ్ల పగ లేదు.

ఆయమ్మ ఇదంతా విన్నది. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక, స్టూలు అంచు గట్టిగా పట్టుకుని, “అయితే అమ్మగారిని చంపింది నేనేనా బాబూ?” అంది.

ఎంతమంది చేతనో నిజం చెప్పించిన మనిషి నిదానం. ఇప్పుడు తన నోట్లో నిజమూ లేదు, అబద్ధమూ లేదు. కింద చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఆ మౌనాన్ని చదువుకుని, కళ్లు తుడుచుకోకుండానే అడిగింది.

“మీకు ఆ చెల్లెలొక్కతేనా?”

“ఒక్కతే ఆయమ్మా.”

ఆమె లేచింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తొడుగులు వేసుకుని, తెల్లమూత సీసా తీసుకుంది. వెచ్చటి పెట్టెలోంచి మొదటి ఇల్లు బయటికి తెచ్చి, పాత నీళ్లు వంపి, కడిగి, కొత్తవి పోసింది. పలక మీద గీత గీసి, పన్నెండూ నలభై అని రాసింది. లెక్కలమ్మాయి ఆ సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, తల ఎత్తకుండా అట్లాగే ఉండిపోయింది. నిదానం దగ్గరికెళ్లాక, వినపడీ వినపడనట్టు చెప్పింది. మూడు వారాలు దొంగతిండికి అలవాటుపడిన కణాలు. నీళ్లు మార్చినందుకే అంచుల్లో ఊడి తేలుతున్నాయి. రెండు రోజులు నిలుస్తాయో లేదో చెప్పలేనంది.

“నిలుస్తుంది” అంది ఆయమ్మ, రెండో సీసా మీద వంగి. “మొండి పిల్ల. అప్పుడు కూడా డాక్టర్లు సాయంత్రం దాకా ఉండదన్నారు, రెండు రోజులుంది.” తర్వాత గొంతు తగ్గించి, గదిలో ఇంకెవరూ లేనట్టు, గాజుకు దగ్గరగా మాట్లాడింది. “రెండు రోజులే తల్లీ. రేపు పెడతానని ఇంక చెప్పను. ఇక్కడే కూర్చుంటా.”

నిదానం చేతిలో ఫోన్ మోగింది. చెల్లెలి నంబరు. ఎత్తేలోగా అతనికి కనిపించింది: మైక్రోస్కోపు పక్కనున్న తెర మీద ఒక కణం అంచు విడిచి, మెల్లగా, పైకి తేలింది. దాని వెనకే ఇంకొకటి.